బిల్లు లేని పన్ను ఎక్కడికి పోతోంది?

(కొల్లేటికోటలో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆన్‌లైన్ పన్ను రిటర్నుల గురించి మాట్లాడతామంటే, ‘అది షావుకార్ల గొడవ కదా, మనకెందుకు?’ అని కొందరు అడిగారు. అడగడంలో తప్పు లేదు. మనం జీఎస్టీ రిటర్నులు వేయనక్కర్లేదు. సొంత కష్టంతో గాని, కూలీలను పెట్టి దగ్గరుండి గాని సాగు చేసి, పండిన పంట అమ్ముకునే రైతుకు రిజిస్ట్రేషన్ అవసరం లేదని చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. చేపల రైతులూ భయపడక్కర్లేదు. బతికిన చేపకు, ఐసు వేసి పంపే పచ్చి చేపకు పన్ను లేదు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషనూ లేదు. మన బొచ్చె, శీలావతి ఎక్కించుకుని హౌరా వెళ్లే లారీకి ఈ-వే బిల్లూ అక్కర్లేదు.

అమ్మేటప్పుడు లేని పన్ను కొనేటప్పుడు మాత్రం ఉంది. ఎరువు మీద 5 శాతం, పురుగుమందు మీద 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లకు, డ్రిప్ పరికరాలకు, 12 రకాల జీవ పురుగుమందులకు పన్ను 5 శాతానికి తగ్గించారు. మనం ఎక్కువగా కొట్టే రసాయన మందుకు మాత్రం 18 శాతమే ఉంచారు. వెయ్యి రూపాయల మందుకు పన్ను 180. మనం ఇచ్చేది 1,180. డీలరు తాను కొన్నప్పుడు కట్టిన పన్నును తన లెక్కలో తగ్గించుకుంటాడు. రైతుకు ఆ వీలు లేదు. వరసలో ఆఖరున నిలబడి మొత్తం మోసేది మనమే.

చేపల మేతకు పన్ను లేదు కదా అంటారు. మేత మీద లేదు. కానీ సంచుల మీద, యంత్రాల మీద మేత మిల్లు కట్టిన పన్ను దానికి తిరిగి రాదు. అది ధరలో కలిసి మన చెరువు గట్టుకే చేరుతుంది.

అంటే డబ్బు మనది. అది ప్రభుత్వానికి చేరిందా లేదా అన్నది రిటర్నులోనే తేలాలి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది మొదలు రిటర్నులన్నీ ఆన్‌లైనే. నెలనెలా వేసే వ్యాపారి కిందటి నెల అమ్మకాలు 11వ తేదీలోగా చూపాలి, 20లోగా పన్ను కట్టి రెండో రిటర్ను వేయాలి. 5 కోట్ల లోపు వ్యాపారానికి మూడు నెలలకోసారి వేసే వీలుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, గమనించండి. హోల్‌సేలు వ్యాపారి చిల్లర డీలరుకు అమ్మినప్పుడు ప్రతి బిల్లూ కంప్యూటరుకు ఎక్కుతుంది. అమ్మినవాడి లెక్కను కొన్నవాడి లెక్కతో సరిచూస్తారు. డీలరు మనకు అమ్మినప్పుడు అలా కాదు. రైతుకు నంబరు లేదు కాబట్టి ఆ అమ్మకాలన్నీ కలిపి ఒక మొత్తంగా చూపుతారు. సరిచూడడానికి రెండో పక్క లెక్క లేదు. అక్కడున్న సాక్షి ఒక్కటే: మన చేతిలోని బిల్లు. బిల్లు లేకుండా తెల్లకాగితం మీద లెక్క రాసి ఇచ్చారంటే, మనం ఇచ్చిన 180 ప్రభుత్వానికి చేరిందో, గల్లాపెట్టెలోనే ఉండిపోయిందో ఎవరూ చెప్పలేరు.

బిల్లు అడగడం మన హక్కు. ఎరువుకు బిల్లు ఇవ్వాలని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, విత్తనానికి ఇవ్వాలని 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నాయి. విత్తనం మొలవకపోయినా, మందు నకిలీదైనా, నష్టపరిహారం అడగాలంటే మొదట చూపమనేది బిల్లే.

ఇంకో పని కూడా చేయొచ్చు. బిల్లు మీద 15 అక్షరాలూ అంకెలూ కలిసిన జీఎస్టీ నంబరు ఉంటుంది. మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. ఇంట్లో చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టించండి. కొట్టు పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా, రిటర్నులు ఏ తేదీన వేశారు, అన్నీ కనబడతాయి. పాస్‌వర్డు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

ఇదంతా చిన్న కొట్టువాడి మీదకు ఎగబడమని కాదు. మనకు అప్పు పెట్టి ఆదుకునేది అతనే. మన సొసైటీలూ ఎరువులు అమ్ముతున్నాయి, వాటికీ ఈ రిటర్నుల బెడద ఉంది. గడువు దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము. ఆ నెల అమ్మకమే లేకపోయినా రిటర్ను వేయాల్సిందే, ఆలస్యమైతే రోజుకు 20. కోటిన్నర లోపు వ్యాపారానికి ఒక్కో రిటర్నుకు 2,000 దాటకూడదని పరిమితి పెట్టారు గాని, పన్ను బాకీ మీద 18 శాతం వడ్డీ వేరే. అంతకన్నా అన్యాయం మరొకటుంది. సొసైటీ హోల్‌సేలు వ్యాపారికి పన్నుతో సహా డబ్బు కట్టేసినా, అతను ఆ బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కించకపోతే సొసైటీకి తగ్గింపు రాదు. 2022 జనవరి నుంచి ఇదే రూలు. తప్పు ఒకరిది, నష్టం మరొకరిది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాలు ఎలా ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. రోడ్డు మునిగి, కరెంటు పోయిన ఊళ్లో కంప్యూటరు ముందు కూర్చునేదెవరు?

అందుకే మన సంఘం కంప్యూటరును వద్దనడం లేదు. అడిగేది నాలుగు మాటలు. వరద మండలాలకు గడువు దానంతటదే పెరగాలి. పోర్టల్ పనిచేయని రోజులకు రుసుము వేయకూడదు. సొసైటీలకు, చిన్న కొట్లకు మండల కేంద్రంలో ఉచితంగా రిటర్ను వేసిపెట్టే ఏర్పాటు ఉండాలి. తిరిగి తగ్గించుకునే దారి లేని రైతు దగ్గర పురుగుమందు మీద 18 శాతం గుంజడం ఆపాలి.

వాళ్లు చేయాల్సింది అది. మనం చేయాల్సింది ఈ నెలలోనే మొదలుపెడదాం. బిల్లు లేకుండా బస్తా గాని, సీసా గాని గడప దాటనివ్వొద్దు. బిల్లులు ఒక సంచిలో దాచి గ్రామ శాఖ సమావేశానికి తెండి. అక్కడే నంబర్లు సరిచూద్దాం. బిల్లు ఇవ్వని కొట్టుకు మొదట నలుగురం వెళ్లి మర్యాదగా అడుగుదాం. అప్పటికీ ఇవ్వకపోతే వ్యవసాయాధికారికి, పన్నుల శాఖకు రాసి ఇద్దాం.