ఉప్పు మోసినోళ్లు దొంగలెట్లయ్యారు?



సోషియాలజీ పుస్తకాల్లో "సామాజిక నిర్మాణం" అనే మాట కనబడుతుంది. నేరస్తుడు, సంస్కారవంతుడు, వెనకబడినోడు, ఈ పేర్లు పుట్టుకతో రావు, సమాజం తయారుచేస్తుంది అని దానర్థం. 1966లో బెర్గర్, లుక్‌మన్ ఆ పేరుతోనే పుస్తకం రాశారు. మన తీరంలో ఆ పని అంతకు యాభై ఏళ్ల ముందే జరిగిపోయింది.

ఎరుకలోళ్లలో ఉప్పు ఎరుకల అని ఒక శాఖ ఉంది. పేరే సాక్ష్యం. తీరం కొటార్ల దగ్గర ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు పోయి, ధాన్యానికి మార్చుకునేవాళ్లు. 1805లో మద్రాసు రాజ్యంలో ఉప్పు కంపెనీ గుత్తసొత్తయింది. తర్వాత రోడ్లొచ్చాయి, రైలొచ్చింది. ఉప్పు బండెక్కింది, వీళ్ల బతుకు దిగిపోయింది. మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో ఇదంతా చూపించారు. పని పోయాక కూడా తిరుగుతూనే ఉన్న మనుషులు సర్కారు కంటికి అనుమానితులయ్యారు.

1871 నాటి నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసుకు వచ్చింది. గెజిట్‌లో ఒక జాతి పేరు పడితే చాలు. తప్పు చేశావా లేదా అని అడిగే పనిలేదు, ఆ ప్రకటనను కోర్టులో ప్రశ్నించే వీల్లేదు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. పాసు లేకుండా సంతకు పోతే అదే నేరం. పట్టుకుంటారు, కేసు రాస్తారు, "చూశారా, వీళ్లింతే" అంటారు. ముద్ర తనకు కావల్సిన రుజువును తనే పుట్టించుకుంటుంది. హోవర్డ్ బెకర్ 1963లో చెప్పింది దాదాపు ఇదే: నేరమనేది చేసిన పనిలోనే ఉండదు, ఆ పనికి ఇతరులు వేసే ముద్రలో కూడా ఉంటుంది.

నిర్మాణం అంటే ఊహ అనుకోకండి. కంచె నిజం, లాఠీ నిజం.

ఇక్కడే సంఘర్షణ సిద్ధాంతం ఒక మొరటు ప్రశ్న వేస్తుంది: ఎవరికి లాభం? మన కావలిలో సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. (కాపలాకు కావలి అనే అంటాం, ఊరి పేరు భలే కుదిరింది.) స్టువర్టుపురంలో 1913 నుంచి సాల్వేషన్ ఆర్మీ. అక్కడి జనం చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. సంస్కరణ అన్నారు, చవగ్గా, పారిపోలేని కూలీ దొరికింది. పేరు పెట్టే అధికారం కోసం జరిగేది కూడా పోరాటమేనని బోర్దియూ అన్నది ఇందుకే.

1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కానీ దాని జాగాలో అలవాటు నేరస్తుల చట్టాలొచ్చాయి. స్టువర్టుపురం పేరు ఇప్పటికీ సినిమాలకు సరుకే, 2023లో కూడా వచ్చింది.

ఒక మాట మనవాళ్లకు నచ్చకపోవచ్చు. ఎస్టీ అనేది కూడా సర్కారు కట్టిన పేరే. కాకపోతే ఆ పేరు చూపించి భూమి అడగొచ్చు, సీటు అడగొచ్చు, అట్రాసిటీ కేసు పెట్టొచ్చు. పాత పేరుతో స్టేషన్‌కు పిలిస్తే మాత్రం ఏ సెక్షన్ కింద పిలిచారో రాసివ్వమనండి.