పాత అట్టపై కొత్త జ్వరము
(కమలాపూర్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను గాను, వర్తకుడను. అయినను ఈ విషయమున నా తప్పొకటి కలదు గనుక మాటలాడుచున్నాను. సరకులకై పట్టణమునకు పోవునపుడు "అన్నా, పోయినేడు జ్వరానికి వాడిన గోలీలివే, మళ్ళ తెచ్చిపెట్టు" అని పాత అట్ట చేతికిచ్చువారు కలరు. ఉపకారమనుకొని పెక్కుమారులు తెచ్చి యిచ్చితిని. అది ఉపకారము కాదని పిదప నొక వైద్యుడు తెలియజెప్పెను.

ఆ అట్టలపై తరచు నుండునది సెఫిక్సిమ్, సూదిమందైనచో సెఫ్ట్రయాక్సోన్. ఇవి సెఫలోస్పోరిన్ జాతి ఔషధములు. 1945లో ఇటలీ దేశపు సార్డీనియా ద్వీపమున బ్రోట్సు అను శాస్త్రజ్ఞుడు, మురుగునీరు సముద్రమున గలియుచోట దొరకిన బూజునందు వీని మూలమును కనుగొనెను. పెక్కుజాతుల బాక్టీరియాను చంపగలుగుటచే వీనికి విస్తృతశక్తిగల మందులని పేరు. టైఫాయిడు, తీవ్రమైన న్యుమోనియా వంటి వ్యాధులలో ఇవి ప్రాణము నిలుపును.

కాని విస్తృతమనగా సర్వమని యర్థము గాదు. మన గడ్చిరోలి అడవులలో మలేరియా యెక్కువ. దానిని కలిగించునది బాక్టీరియా కాదు. దానిపై ఈ మాత్రలు పనిచేయవు. జలుబు, డెంగీ వైరసుల వలన వచ్చునవి, అక్కడను నిష్ఫలమే. ఇవి మ్రింగుచు దినములు గడపినచో మలేరియా ముదిరి ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున జ్వరము వచ్చిన నాడే ఆశా కార్యకర్తచేత గాని, ఆరోగ్యకేంద్రమున గాని రక్తపరీక్ష చేయించవలెను.

రెండవ కీడు మరియు పెద్దది. అనవసరముగ వాడినకొలది సూక్ష్మజీవులు మందునకు లొంగకుండును. 2016లో పాకిస్థానులోని సింధు రాష్ట్రమున సెఫ్ట్రయాక్సోనునకు లొంగని టైఫాయిడు తలయెత్తెను. ఇట్టి ముప్పు నెరిగియే మన ప్రభుత్వము 2013లో ఈ రెండు మందులను హెచ్-1 పట్టికలో చేర్చి, వైద్యుని చీటి లేనిదే అమ్మరాదనియు, రోగి పేరు పుస్తకమున వ్రాయవలెననియు విధించెను.

ఇక మన యింటి సంగతి. వైద్యుడు మరాఠీలో చెప్పినది మన పెద్దలలో కొందరికి పూర్తిగ తెలియక, తలయూపి వత్తురు. జ్వరము తగ్గగానే మాత్రలు మాని, మిగిలినవి దాచి పొరుగువారి కిత్తురు. మరాఠీ చదివిన మన పిల్లలలో నొకరు వెంట పోయి, ఎన్ని పూటలో, ఎన్ని దినములో అడిగి తెలుగున వ్రాసి యీయవలెను. పెన్సిలిన్ పడనివారు ఆ మాట ముందే వైద్యునకు చెప్పవలెను.

ఇకమీదట పాత అట్ట చూచి నేను మందు తేను. చీటీ యున్నచో ఎంత దూరమైనను పోయి తెచ్చెదను. కోపగింపవలదని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.