చెయ్యి చేసే మేలు, మాట చేసే కీడు



నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టిన మనిషిని వెతికి పిలిచి తొక్కించుకోవడం తెలుగు ఊళ్లలో ఉన్నదే. ఆ కాలి స్థానంలోకి ఇప్పుడు ఫిజియోథెరపిస్టు చెయ్యి వచ్చింది. దాని వెనక చదువుంది, పరిశోధన ఉంది. కానీ రోగికి చెప్పే కారణం మాత్రం చాలాచోట్ల పాతదే: "పూస పక్కకు జరిగింది, సరిచేశాను."

జరిగిందీ లేదు, సరిచేసిందీ లేదు. 1998లో స్వీడన్‌లో టుల్‌బర్గ్ బృందం కటి కీలు నొప్పితో ఉన్న 10 మందికి చేతి చికిత్స (చేత్తో కీలును కదిలించడం) చేయించి, ఎముకల స్థానాన్ని అతి సూక్ష్మంగా కొలిచే ఎక్స్‌రే పద్ధతితో పరీక్షించింది. చేత్తో చేసే పరీక్షల్లో రోగులు మెరుగయ్యారు. ఎముకలు ఉన్నచోటే ఉన్నాయి.

మరి ఉపశమనం ఎక్కడిది? చాలావరకు నాడీవ్యవస్థ నుంచి. చర్మం, కండరం, కీలు మీద పడ్డ ఒత్తిడి వల్ల నొప్పి సంకేతాల జోరు కొంతసేపు తగ్గుతుంది, బిగుసుకున్న కండరం వదులవుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే రోగిని కదిలించాలి.

ఈ విద్యకు క్రమం తెచ్చినవారిలో అడిలైడ్‌కు చెందిన జెఫ్రీ మైట్‌లాండ్ ముఖ్యుడు. వెన్ను చికిత్స మీద ఆయన పుస్తకం 1964లో వచ్చింది. ఆయన పద్ధతిలో కీలును లయగా కదిలించడంలో నాలుగు మెట్లున్నాయి. మొదటి రెండూ బిగువు తగలకముందే ఆగుతాయి. ఇవి నొప్పి ఎక్కువున్నవారికి. మూడు, నాలుగు ఆ బిగువులోకి వెళతాయి, బిర్రబిగిసిన నడుముకు ఇవే పనికొస్తాయి. ప్రతి ప్రయోగానికీ ముందూ వెనకా రోగిని వంచి చూసి, మార్పును బట్టే తర్వాతి అడుగు వేయాలన్నది ఆయన నేర్పిన అసలు పాఠం. హడావుడి క్లినిక్కుల్లో మొదట ఎగిరిపోయేది కూడా అదే.

ఫలితాల విషయంలో నిజాయితీ కావాలి. బ్రిటన్‌లో 1,334 మందితో జరిగి 2004లో వెలువడిన పరీక్షలో చేతి చికిత్స, తర్వాత వ్యాయామం పొందినవారికి ఏడాది చివర కూడా మేలు కనిపించింది, అయితే కొద్దిగానే. 2019లో 47 పరీక్షలను కలిపి చూసినప్పుడు, దీర్ఘకాలిక నడుంనొప్పికి వెన్ను మీద చేసే చేతి చికిత్స ఇతర సిఫార్సు చికిత్సలతో దాదాపు సమానమని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు వ్యాయామం, మసాజ్, చేతి చికిత్సలకు చోటిచ్చాయి. మన ఊళ్లలో ఇంకా విరివిగా రాసే, నడుమును సాగదీసే ట్రాక్షన్‌నూ, నడుం బెల్టునూ మాత్రం వద్దన్నాయి.

2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుంనొప్పి ఉందని అంచనా. ఇంతమందిలో ఒక పెద్దావిడకు "పూస జరిగింది" అని చెబితే ఏమవుతుంది? బిందె ఎత్తడం మానేస్తుంది, మనవణ్ని ఎత్తుకోదు, వంగాలంటే భయం. నొప్పి తగ్గినా ఆ భయం తగ్గదు.

అయితే నిజంగా భయపడాల్సిన లక్షణాలూ ఉన్నాయి. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు బలహీనపడుతున్నా చెయ్యి వేయకూడదు. వెంటనే ఆసుపత్రికి పంపాలి.

ఈ సభ ముగిసేలోగా ఒక పని మొదలుకావాలి. రోగి బల్ల దిగగానే చేతిలో పెట్టడానికి ఒక తెలుగు కాగితం తయారవ్వాలి. అందులో రెండు మూడు కసరత్తులు, వంగినా నడిచినా నడుముకు హాని లేదన్న భరోసా, చదువురానివారికి బొమ్మలు ఉండాలి. జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే ఫిజియోథెరపిస్టులే దాన్ని రాయడం మంచిది. ఏ మాటకు రోగి బెదురుతాడో రోజూ చూసేది వాళ్లే.