బట్టలుతికే బండ చెప్పిన లెక్క



పెద్ద ఫ్యాక్టరీ దెబ్బతిన్నదంటే పెట్టుబడి చాలలేదనో, యంత్రాలు పాతబడ్డాయనో అనుకుంటాం. అన్నీ ఉండి కూడా ఒక్కోసారి దెబ్బ తగులుతుంది. దాన్ని నడిపే మేనేజర్లు ఎవరిని కొనేవాళ్లుగా చూశారు, ఎవరిని వదిలేశారు అన్నదాన్నిబట్టి వ్యాపారం నడుస్తుంది. మనకు బాగా తెలిసిన బట్టల సబ్బుపొడి సంగతే చూడండి.

హిందుస్థాన్ లీవర్ వారు 1959లో సర్ఫ్ తెచ్చారు. సరుకు మంచిదే, ధరా ఎక్కువే. పట్నాల్లో కాస్త కలిగిన ఇళ్లవాళ్లు కొనేవారు. మిగతావాళ్లు సబ్బుబిళ్లతోనే సరిపెట్టుకునేవారు. 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ అనే ప్రభుత్వోద్యోగి, కెమిస్టు, పెరట్లో పసుప్పచ్చ పొడి కలిపి సైకిలు మీద ఇంటింటికీ తిరిగి అమ్మారు. దానికి కూతురి పేరు మీద నిర్మా అని పేరు పెట్టారు. ధర సర్ఫ్ కంటే చాలా తక్కువ.

లీవర్ మేనేజర్లకు ఇది తెలియక కాదు. చవకరకం, మన ఖాతాదారులు దాని జోలికి పోరులే అని ఊరుకున్నారు. నిజమే, ఆ పొడి చేతులకు కాస్త కటువే. కాని బిళ్ల రుద్ది రుద్ది విసిగిన ఇల్లాలు దాన్ని సర్ఫ్‌తో ఎందుకు పోలుస్తుంది? తన బిళ్లతో పోల్చుకుంది. ఈ సంగతి వాళ్ల లెక్కకు అందలేదు. 1980ల మధ్యకల్లా దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయే పొడి నిర్మాయే అయింది.

చవక సరుకుకూ మంచి సరుకుకూ తేడా ఏమిటో లీవర్ వారు టీవీలో లలితాజీ చేత చెప్పించారు. సర్ఫ్ కొనేవాళ్లకు అది నచ్చింది. కొనలేనివాళ్లకు ఒరిగిందేముంది? ఆ తర్వాతగాని వాళ్ల చూపు మారలేదు. ఈ ఇల్లాలు ఎంత పెట్టగలదు అన్నది ముందు చూసి, ఆ ధరకు పొడి ఎలా చెయ్యాలా అని ఆలోచించారు. చిన్న చిన్న తయారీదార్లకు పని అప్పగించారు, ఖర్చు తగ్గించారు. 1987లో వీల్ తెచ్చి పోటీకి నిలిచారు. కంపెనీ పాతదే, డబ్బూ పాతదే.

ఈ గొడవ మనకెందుకంటారా? మీ అబ్బాయో అమ్మాయో రేపు ఏ ఫ్యాక్టరీలోనో మేనేజరు కావచ్చు. కొన్నవాళ్ల మెప్పు విని మురిసిపోవద్దనీ, కొననివాళ్లు ఏం వాడుతున్నారో స్వయంగా వెళ్లి చూడమనీ చెప్పండి. ఆ లెక్క ఆఫీసు కాగితాల్లో దొరకదమ్మా, కుళాయి పక్కన బట్టలుతికే బండ దగ్గర దొరుకుతుంది.