వికటకవిని ఒప్పుకోని కంప్యూటరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న గురువులకు, పెద్దలకు, వెనక వరసలో ఇప్పటికీ గుసగుసలాడుకుంటున్న మా 1991 పదో తరగతి బ్యాచ్ మిత్రులకు నమస్కారం.

కంప్యూటరు రంగంలో నా విజయం గురించి చెప్పమన్నారు. విజయం గురించి చెప్పడానికి ఈ సభలోనే నాకంటే తగినవాళ్లు పదిమంది కనబడుతున్నారు. నేను ఓడిపోయిన ఏడాది గురించి చెబుతాను. దాని గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవారని మీలో చాలామందికి తెలుసు. నన్ను ఎం.సి.ఎ. చదివించడానికి ఉన్న ఎకరంన్నర చేను అమ్మారు. 1999లో పాసయ్యాను, మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులు ఎలా వచ్చాయంటే, ప్రోగ్రాములు బట్టీపట్టాను. ఎక్కాలు బట్టీపట్టినట్టే, అర్ధవిరామ చిహ్నాలతో సహా.

హైదరాబాదులో మొదటి ఇంటర్వ్యూ. 1 నుంచి 100 వరకు ప్రధాన సంఖ్యలు ముద్రించే ప్రోగ్రాం రాయమన్నారు. గడగడా రాసేశాను. ఆయన కాగితం చూసి, "బాగుంది, ఇదే 100 నుంచి వెనక్కి రావాలి, రాయండి" అన్నారు. కలం కదల్లేదు. పది నిమిషాలు కూర్చుని లేచి వచ్చేశాను. ఆ రాత్రి నాన్నకు ఉత్తరం రాశాను, ఉద్యోగం ఖాయమైంది, నెలలో చేరతానని.

అమీర్‌పేటలో నా గదిలో ఒక సీనియర్ ఉండేవారు, గిద్దలూరు వైపు మనిషి. విషయం ఆయనకే చెప్పాను. ఆయన ఓదార్చలేదు. రోజుకొక చిన్న లెక్క ఇస్తానన్నారు. షరతు ఒకటే. ముందు కాగితం మీద రాయాలి, పక్కన గళ్లు గీసి ఒక్కొక్క వరసకు ఏ విలువ ఎంత అవుతుందో చేత్తో నింపాలి. ఆ తర్వాతే కంప్యూటరు. కంప్యూటరు సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టే రోజులు కాబట్టి ఆ షరతు నా జేబుకూ సరిపోయింది.

సి భాషకు కెర్నిఘన్, రిచీ 1978లో రాసిన పుస్తకం ఉంది. అందులో మొదటి అభ్యాసం తెర మీద ఒక పలకరింపు ముద్రించడం. వెంటనే ఫారన్‌హీట్ డిగ్రీలను సెల్సియస్‌లోకి మార్చే పట్టిక వస్తుంది. నేను సూత్రం ప్రకారం 5ను 9తో భాగించి, దాన్ని 32 తీసేసిన డిగ్రీలతో గుణించాను. అన్నీ సున్నాలు వచ్చాయి. మే నెల మార్కాపురంలో కూడా సున్నా డిగ్రీలే! కారణం, సి భాషలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశాలు రాలిపోతాయి. 5లో 9 సున్నాసార్లు పోతుంది, ఇక దాన్ని దేనితో గుణించినా సున్నాయే. ముందు గుణించి తర్వాత భాగించాలి.

ఇదేం దిక్కుమాలిన భాష అన్నాను. మర్నాడు సీనియర్ ఇచ్చిన లెక్క ఇది: వెయ్యి పలకలున్నాయి, ఎన్ని డజన్లు, ఎన్ని మిగులు? 1000ని 12తో భాగిస్తే 83, శేషం 4. ఇక్కడ దశాంశాలు వస్తేనే తప్పు, ముప్పావు పలకను ఏ కొట్టువాడు కొంటాడు? నిన్న నన్ను ముంచిన భాగహారమే ఇవాళ సరిగ్గా కావలసింది. నాన్న రోజూ చేత్తో చేసే లెక్క నాకు ప్రోగ్రాంగా అర్థమైంది ఆ రోజే.

తర్వాత లీపు సంవత్సరం. నాలుగుతో భాగించాను, అయిపోయిందన్నాను. "1900 వేసి చూడు" అన్నారు. నా ప్రోగ్రాం లీపు అంది, కానీ 1900 లీపు సంవత్సరం కాదు. నూటితో భాగింపబడితే లీపు కాదు, కానీ నాలుగువందలతో భాగింపబడితే మళ్లీ లీపే, అందుకే 2000 లీపు. ఊరంతా 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని భయపడుతున్న రోజులవి. నాకు మాత్రం మూడు షరతుల వరస కుదరక నిద్ర పట్టలేదు.

గ.సా.భా. కూడా అప్పుడే. 48, 18 తీసుకోండి. 48ని 18తో భాగిస్తే శేషం 12, 18ని 12తో భాగిస్తే 6, 12ని 6తో భాగిస్తే సున్నా. జవాబు 6. మన లెక్కల మాస్టారు నల్లబల్ల మీద చేయించిందే ఇది, యూక్లిడ్ నాటి పద్ధతి. మాస్టారూ, మీరు చెప్పింది నాకు ఎనిమిదేళ్లు ఆలస్యంగా అర్థమైంది, క్షమించండి.

ఇలా ఎనిమిది నెలలు. చివరకు ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది, తక్కిన కథ అందరిదీ లాంటిదే. నాన్నకు ఆ మొదటి ఉత్తరం అబద్ధమని చెప్పలేదు. ఎనిమిది నెలలు ఇంటికి డబ్బు ఎందుకు పంపలేదని ఆయనా అడగలేదు. తెలిసే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. ఆయన పోయి ఆరేళ్లయింది, కనీసం మీ ముందైనా చెబుదామని చెబుతున్నాను.

రెండు వేసవులుగా సెలవు పెట్టి వచ్చి, మా ఇంటి వసారాలో పదిమంది పిల్లలను కూర్చోబెడుతున్నాను. రెండు పాత ల్యాప్‌టాపులు, తక్కిన అందరికీ పలకలే. భాష పైథాన్. గైడో వాన్ రోసమ్ దాన్ని బయటపెట్టింది కూడా 1991లోనే, అంటే అది మా బ్యాచే.

మొన్న వేసవిలో, ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే అయ్యే మాటను కనిపెట్టే అభ్యాసం ఇచ్చాను. ఇంగ్లీషులో మేడమ్ అని కొడితే అవునంది. తొమ్మిదో తరగతి అమ్మాయి తెలుగులో 'వికటకవి' అని కొట్టింది. కాదంది! తెనాలి రామకృష్ణుడి బిరుదునే కంప్యూటరు ఒప్పుకోలేదు. నేను ఆ అమ్మాయే ఏదో తప్పు కొట్టిందనుకున్నాను. కాదు. మనకు 'వి' ఒక అక్షరం, కంప్యూటరుకు 'వ' ఒకటి, గుడి ఇంకొకటి. వెనక్కి తిప్పితే గుడి ముందుకొచ్చి, వ వెనక పడుతుంది. ఐదక్షరాల మాటను అది ఏడుగా లెక్కపెడుతోంది. పాతికేళ్లు ఈ పని చేసిన నేను ఎప్పుడూ తెలుగులో కొట్టి చూడలేదు.

దారి ఆ అమ్మాయే పలక మీద గీసింది. గుణింతపు గుర్తు కనబడితే ముందున్న అక్షరానికి కలిపేయాలి, ఆ తర్వాతే తిప్పాలి. వి, క, ట, క, వి. అప్పుడు అవునంది. వసారాలో అరుపులకు పక్కింటి పెద్దమ్మ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

నా కోరిక చిన్నది. నేను ఏడాదిలో నెలరోజులే ఉంటాను. తక్కిన పదకొండు నెలల్లో ఆదివారం రెండు గంటలు వసారాలో కూర్చునే మనిషి కావాలి. కంప్యూటరు రాకపోయినా ఫర్వాలేదు, "1900 వేసి చూడు" అనగలిగితే చాలు. తాళంచెవి పెద్దమ్మ దగ్గర ఉంది.

ఆ అమ్మాయి ఇప్పుడు 'తర్లుపాడు'లో ఎన్ని అక్షరాలో చెప్పే ప్రోగ్రాం రాస్తోంది. కంప్యూటరు తొమ్మిదంటోంది, మనకు నాలుగే. పా, డు కుదిరాయట. 'ర్లు' దగ్గర పొల్లు తర్వాత వచ్చే అక్షరాన్ని కూడా కలపాలి కదా, అక్కడ ఆగింది. నిన్న సాయంత్రం వరకు కుదరలేదు.