గిడుగు వాదంలోని బలం

వాడుక భాషలో రాయాలని గిడుగు రామమూర్తి అన్నప్పుడు పండితులు మండిపడ్డారు. అది గ్రామ్యమన్నారు, భాష చెడిపోతుందన్నారు. జవాబుగా గిడుగు రుజువులు పోగు చేశారు.

వ్యాకరణం పేరు చెప్పి పండితులు తప్పని కొట్టిపారేసిన రూపాలు పూర్వకవుల కావ్యాల్లోనే ఉన్నాయని ‘బాలకవి శరణ్యం’ పుస్తకంలో ఉదాహరణలతో చూపారు. అంతటితో ఆగలేదు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టినవారి రచనల్లోంచే ఆ వ్యాకరణానికి లొంగని ప్రయోగాలు ఏరి వాళ్ల ముందు పెట్టారు. అవతలివారు నెత్తిన పెట్టుకునే గ్రంథాలనే సాక్ష్యానికి పిలవడం ఎంత గట్టి పద్ధతి! గిడుగును కాదనాలంటే వాళ్లు తమ పుస్తకాలనే కాదనాలి.

1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి ఈ పోరు సాగించారు.

ఆయన పద్ధతి మనకూ పనికొస్తుంది. ఏ పత్రికకైనా ఉత్తరం రాసినా, వ్యాసరచన పోటీలో పాల్గొన్నా, మీ అభిప్రాయం వెంట ఒక్క రుజువైనా జతచేయండి. అది అవతలివారు కూడా ఒప్పుకునే చోటినుంచి తెచ్చినదైతే మరీ మంచిది.