తంగేటిపట్టయు తోలు శాస్త్రమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నందిగామ, జగ్గయ్యపేట మెట్టలలో తంగేడు విత్తకయే మొలచును. సున్నపురాయి కాలిక్రిందనే దొరకును. ఈ రెండును తోలు పదును చేయుటకు పనికివచ్చు సరకులే. పచ్చితోలును సున్నపునీట నానవేసినచో వెంట్రుకలు వదలును. పిమ్మట తంగేటిపట్ట ఊరిన నీటిలో నుంచినచో, పట్టలోని వగరు తోలు పోగులను పట్టుకొని, అది కుళ్ళక నిలుచునట్లు చేయును. మోట తొండమును, కాలి చెప్పును ఈ విద్య వలననే కలిగినవి. ఇది తెలిసిన మాదిగ కుటుంబములనే మన సంఘము ఊరి వెలుపల నుంచినది. చేసిన వస్తువు కావలసివచ్చెను గాని, చేసిన చేయి అక్కరలేకపోయెను.

ఆ చేతిపనిని శాస్త్రముగా గౌరవించిన మహనీయులు డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు. 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో జన్మించి, కాశీలో రసాయన పరిశ్రమల విద్యను, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయములో ఉన్నత పరిశోధనను సాగించిరి. 1948లో మద్రాసున నెలకొన్న కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు 1958లో అధిపతులైరి. విశ్వవిద్యాలయపు తోలు విద్యార్థులు ఆ ప్రాంగణములోనే చదువుకొనిరి. కార్ఖానాల చిక్కులే పరిశోధకులకు పాఠములైనవి.

పూర్వము మన దేశము సగము పదునైన తోళ్ళను పరదేశములకు పంపెడిది. చెప్పులు కుట్టిన లాభము అక్కడివారికే చేరెడిది. 1970 దశకములో ప్రభుత్వము ఆ ఎగుమతులను తగ్గించి, తయారైన సరకులను ప్రోత్సహించెను. అందులకు వలసిన పరిజ్ఞానమును సిద్ధపరచుటలో ఆ సంస్థ పాత్ర గొప్పది. నాయుడమ్మగారు 1971లో జాతీయ పరిశోధనా మండలికి, 1981లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు పెద్దలైరి. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో అస్తమించిరి.

క్రోము లవణములతో తోలు త్వరగా పదునగును; ఆ మురుగునీరు శుద్ధి కానిచో పొలములను, బావులను చెరచును. తమిళనాడు తోళ్ళ కార్ఖానాల కాలుష్యముపై 1996లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పవలసివచ్చెను. కావున తంగేటి విద్యను పాతదని పారవేయరాదు.

ఈ గ్రంథాలయమునకు నా విన్నపమొక్కటే. పట్ట ఎప్పుడు కొట్టవలెనో, తోలు ఎన్నాళ్ళు ఊరవలెనో ఎరిగిన వృద్ధులు ఇంకను కొందరు గలరు. వారిని పిలిచి, మనతో సమానముగా కుర్చీలలో కూర్చుండబెట్టి, వారు చెప్పినది వారి పేరనే వ్రాసి ఈ బీరువాలలో నుంచుడు. చెప్పువారు ఉన్నప్పుడే వినవలెను.